స్లాబు రోజున నాలుగు ముఠాలు: ఎవరి మాట చెల్లాలి?

పాపాఘ్ని (కడప, సైటు ఇంజనీరు)

సభ్యులందరికీ నమస్కారం. నేను సివిల్ డిప్లొమా చదివి, రెండేళ్లుగా కడపలో ఒక గుత్తేదారు దగ్గర సైటు ఇంజనీరుగా పనిచేస్తున్నాను. రాయచోటి దారిలో కడుతున్న ఒక వసతిగృహం ఇప్పుడు నా చేతిలో ఉంది. కింది అంతస్తు కాక మరో మూడంతస్తులు, పక్కపక్కన రెండు భాగాలు. మే నెల చివరి ఆదివారం మొదటి భాగానికి స్లాబు వేశాము. ఆ రోజు జరిగింది చెప్పి, మీ సలహా అడగాలని ఇది రాస్తున్నాను.

సెంట్రింగు ముఠా జమ్మలమడుగు వైపు వారు, కమ్మీ కట్టేవారు ఒడిశా వారు, కరెంటు పైపులు వేసేవారు ఊరివారే, కాంక్రీటు ముఠా మిల్లరు (కాంక్రీటు కలిపే యంత్రం), లిఫ్టులతో సహా ప్రొద్దుటూరు నుండి వచ్చింది. ఉదయం ఆరు గంటలకల్లా ఇరవై రెండు మంది కూలీలు దిగారు. ఎనిమిది గంటలకు పైకి ఎక్కి చూస్తే రెండు గదుల్లో కరెంటు పైపులే లేవు. యజమాని ముందురోజు ఎలక్ట్రీషియనుకు నేరుగా ఫోను చేసి ఏసీ పాయింట్లు మార్చమన్నారట. అతను "రేపు పొద్దున వేస్తాను" అనుకొని వెళ్లిపోయాడు. ఇది చాలదన్నట్టు, స్నానాల గదుల దగ్గర స్లాబును ఎంత కిందికి దించాలో సవరించిన నక్షా నా దగ్గర ఉంది కాని, కమ్మీ మేస్త్రి చేతిలో పాతదే ఉంది.

అవన్నీ సరిచేసి మొదటి తట్ట పోసేసరికి పదకొండయింది. ఎండ 41 డిగ్రీలు. మామూలుగా వంతులవారీగా భోజనానికి వెళ్లే కూలీలు ఆకలికి ఆగలేక ఒకటిన్నరకు అందరూ ఒక్కసారే దిగిపోయారు. గంటన్నర తరువాత తిరిగి మొదలుపెట్టేసరికి పోసిన అంచు బిగిసిపోయి ఉంది. పని రాత్రి తొమ్మిదికి ముగిసింది. మరునాడు ఆ అతుకు వెంట గీత స్పష్టంగా కనిపించింది. గుత్తేదారు అందరి ముందూ నన్నే తిట్టారు. సెంట్రింగు మేస్త్రి కమ్మీ వారిని అన్నాడు, కమ్మీ వారు ఎలక్ట్రీషియనును అన్నారు, అతను యజమాని పేరు చెప్పాడు. ఎవరికి వారే యమునా తీరే.

వీరంతా వయసులో నాకన్నా పెద్దవారు, నేను కూలి ఇచ్చేవాడిని కూడా కాదు. వీరి మధ్య నా మాట ఎలా నిలబెట్టుకోవాలి?

కొండారెడ్డి బురుజు (కర్నూలు, నీటిపారుదల శాఖలో విశ్రాంత ఇంజనీరు)

పాపాఘ్ని గారూ, మీరు అడిగిన ప్రశ్నను కొంచెం పక్కకు జరపవలసి ఉంది. మాట నిలబెట్టుకోవడం సంగతి తరువాత చూద్దాము. "ఇక కాంక్రీటు పోయవచ్చు" అనే మాట ఆ రోజు ఎవరు అన్నారు? మీ టపా రెండుసార్లు చదివినా నాకు ఆ మనిషి కనిపించలేదు. ఎవరూ అనకుండానే ప్రొద్దుటూరు నుండి మిల్లరు వచ్చేసింది. అసలు లోపం అక్కడ ఉంది.

మా శాఖలో కాంక్రీటుకు ముందు ఒక కార్డు నింపేవారము. సెంట్రింగు మట్టం, సర్వీల (పలకల కింద నిలబెట్టే ఊతాల) బిగింపు, కమ్మీల సైజు, ఎడం, కవరు బిళ్లలు (కమ్మీకి, పలకకు మధ్య సందు ఉంచేవి), పైపులు, శుభ్రత, నీరు, వైబ్రేటరు (చెడితే వాడడానికి ఇంకొకటి) అన్నీ ఒక్కొక్కటే చూసి, ఎవరి పని వారు సంతకం చేసిన తరువాత, చివరి సంతకం ఇంజనీరుది. ఆ సంతకం పడేవరకు కాంక్రీటు ముఠాకు కబురు వెళ్లేది కాదు. మీరు ముఠాను ముందు పిలిచి తనిఖీ తరువాత చేశారు. ఇరవై రెండు మంది కింద కూర్చొని ఎదురుచూస్తుంటే, పైన ఉన్న లోపాన్ని లోపమని చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది?

ఇంకొక సంగతి. అతుకు పడక తప్పని పరిస్థితి ఎప్పుడైనా రావచ్చు కనుక, అది ఎక్కడ పడాలో ముందే నిర్ణయించుకోవాలి. కోత బలం తక్కువగా ఉండే చోట, అంటే స్పాను (రెండు ఆధారాల మధ్య దూరం) నడిమి భాగంలో, నిలువుగా చెక్క అడ్డుపెట్టి ఆపాలి. భోజనాల గంట కొట్టిన చోట ఆపకూడదు. అతుకు ఎక్కడ పడిందో రాయండి, నడిమి భాగంలో ఉంటే మీరు అంత భయపడవలసిన పని లేదు. మీరు చెప్పిన సమయాన్ని బట్టి నలభై ఘనపు మీటర్లు పోసి ఉంటారు. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం 31 నుండి 50 ఘనపు మీటర్ల మధ్య 4 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 3 చొప్పున 12 క్యూబులు (బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మెలు) తీయాలి. తీశారా?

పాపాఘ్ని

అయ్యా, ఆరు క్యూబులే తీశాము. అతుకు దూలానికి రెండడుగుల దూరంలో పడింది.

కొండారెడ్డి బురుజు

అయితే ఆ కట్టడానికి డిజైను చేసిన స్ట్రక్చరల్ ఇంజనీరుకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఫోనులో చెప్పి ఊరుకోకండి. దాచకండి.

సర్వీ కట్టె (అనంతపురం, సెంట్రింగు కుటుంబం)

మా నాన్నగారు ముప్ఫై ఏళ్లుగా సెంట్రింగు మేస్త్రి. ముఠాలను, లెక్కలను ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఇంజనీర్లు రాసినవి చదివాను, ముఠా వైపు నుండి కూడా ఒక మాట వినండి.

సెంట్రింగుకు మాకు అడుగుల లెక్కన ధర. సగం డబ్బు స్లాబు పోసిన రోజున, మిగతాది పలకలు విప్పిన తరువాత చేతికి వస్తుంది. మా పలకలు, జాకీలు (ఇనుప సర్వీలు) మీ సైటులో ఒక రోజు ఎక్కువ ఉంటే, ధర్మవరంలో ఇంకొక సైటు ఒక రోజు ఆగుతుంది. కమ్మీ వారికి టన్నుల లెక్క. కాంక్రీటు ముఠాకు స్లాబు మొత్తానికి ఇంతని గుత్త. ఎలక్ట్రీషియనుకు పాయింటుకు ఇంత. ఇప్పుడు చూడండి: ఎలక్ట్రీషియను ఒక పూట ఆలస్యం చేస్తే నష్టపోయేది కాంక్రీటు ముఠా, అతనికి ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఎవరి ఆలస్యానికి వారి జేబు కాలని చోట ఎంత మంచి మాట చెప్పినా గాలికి పోతుంది.

పైపుల విషయంలో తప్పు ఎలక్ట్రీషియనుది మాత్రమే అని నేను అనుకోవడం లేదు. స్లాబులో పైపులు వేయడానికి ఒకే ఒక్క అదను ఉంటుంది. అడుగు జాలీ కట్టడం పూర్తయిన తరువాత, పై కమ్మీలు వేయక ముందు. అంతకు ముందు వస్తే పైపు నిలవదు, తరువాత వస్తే కమ్మీల సందులో దూర్చలేక కట్టిన తీగలు విప్పుతాడు, కవరు బిళ్లలు జరిగిపోతాయి, కమ్మీ వారితో గొడవ అవుతుంది. ఆ అదను మామూలు స్లాబుకు ఒక పూట, పెద్దదైతే ఒక రోజు. మీ పనుల పట్టికలో "కమ్మీ పని మూడు రోజులు" అని ఉంటుందే తప్ప, మధ్యలో ఈ పూట ఎవరిదో రాసి ఉండదు. కమ్మీ మేస్త్రి టన్నుల లెక్కవాడు, అతను ఆగడు. ఆగమని చెప్పవలసిన వాడు ఇంజనీరు, ఆ పూటకు కూలీ కట్టి ఇవ్వవలసిన వాడు గుత్తేదారు.

తాడిపత్రి బండ (గుత్తేదారు)

కార్డులు, సంతకాలు ప్రభుత్వ పనులకు సరిపోతాయి. ప్రైవేటు పనిలో నలుగురు మేస్త్రీల చేత సంతకాలు పెట్టించుకుంటూ కూర్చుంటే స్లాబు వచ్చే ఏడాదికి పడుతుంది. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. నేను పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. స్లాబు రోజున ఉదయం ఐదింటికి గొడుగు పట్టుకొని పైన నిలబడతాను, రాత్రి చివరి తట్ట పడేవరకు దిగను. బట్వాడా నా చేతితో జరుగుతుంది కనుక నా గొంతు అందరికీ వినబడుతుంది. తమ్ముడూ, మీ గుత్తేదారు ఆ రోజు సైటులో ఉన్నారా? లేరు కదా. డబ్బు పట్టుకున్నవాడు లేని చోట ఇంజనీరు మాట చెల్లదు. ఇది చేదుగా ఉన్నా నిజం.

పెన్నగట్టు (అనంతపురం, ప్లానింగు ఇంజనీరు)

తాడిపత్రి బండ గారి మాటలో సగంతో ఏకీభవిస్తాను. అధికారం, డబ్బు రెండూ లేని మనిషి మీద బాధ్యత మాత్రం పెట్టడం అన్యాయం. మిగతా సగంతో ఏకీభవించలేను. నేను బెంగళూరులో ఏడేళ్లు పెద్ద కట్టడాల పనుల్లో ఉన్నాను. గొంతుతో నడిచే సైటులో ఒక జబ్బు ఉంటుంది, అక్కడ చెడ్డ వార్త పైకి రాదు. ఒకచోట పలకలు విప్పితే స్తంభం అడుగున కాంక్రీటు చేరక కంకర తేలి, తేనెపట్టులాగ కనిపించింది. తిట్లకు భయపడి ఆ రాత్రే మేస్త్రి సిమెంటు పూసి కప్పేశాడు. మాకు తెలిసింది నెల తరువాత, పై అంతస్తు బరువు పడిన తరువాత. ఆ స్తంభాన్ని బాగుచేయడానికి అయిన ఖర్చు కన్నా, ఇంకా ఎన్ని కప్పారో అని ప్రతి స్తంభాన్నీ తట్టి చూడడానికి పట్టిన కాలమే మాకు ఎక్కువ నష్టం కలిగించింది.

పనుల పట్టికను కార్యాలయంలో కూర్చొని గీయడం 1950ల చివరి నుండి వస్తున్న పద్ధతి. అమెరికాలో డ్యూపాంట్ సంస్థ క్రిటికల్ పాత్ పద్ధతిని, ఆ దేశపు నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్‌ను తయారుచేసుకున్నాయి. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో అవి చెబుతాయి. రేపు ఉదయం ఎలక్ట్రీషియను వస్తాడా రాడా అన్నది మాత్రం చెప్పలేవు. గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ అనే ఇద్దరు 1990లలో ఈ లోపాన్ని పట్టుకొని "లాస్ట్ ప్లానర్" అనే పద్ధతిని ముందుకు తెచ్చారు. పేరు పెద్దది కాని సంగతి చిన్నది. పని చేయించే చివరి మనిషి, అంటే మన మేస్త్రి, వచ్చే వారంలో తాను ఏమి చేయగలడో తన నోటితో చెప్పాలి. చేయలేనిది చేయలేనని చెప్పే హక్కు అతనికి ఉండాలి. వారం చివర, చెప్పినవాటిలో ఎన్ని జరిగాయో లెక్కపెట్టాలి. జరగనివాటికి కారణం రాసుకోవాలి, తిట్టడానికి కాదు, ఆ కారణాన్ని తొలగించడానికి.

మేము మొదలుపెట్టినప్పుడు మేస్త్రీలు అన్నింటికీ "అయిపోతుంది మేడమ్" అనేవారు. కాదు అనడం వారికి అమర్యాదగా తోచేది. ఒక బేల్దారి మేస్త్రి మూడో వారంలో "ఇటుక రాకపోతే గోడ లేవదు, నన్ను అడగకండి" అని గట్టిగా అన్నాడు. ఆ మాటతో మా పద్ధతి నిజంగా మొదలైంది. ఆ వారమంతా మేము ఇటుక బండి వెంటపడ్డాము.

ఇంటివాడు (కడప)

నేను ఇంజనీరును కాను, ఊరిలో ఇల్లు కట్టుకుంటున్న యజమానిని. పాపాఘ్ని గారి టపాలో ఎలక్ట్రీషియనుకు నేరుగా ఫోను చేసిన యజమానిని చదివి సిగ్గుపడ్డాను. నిన్ననే నేనూ అదే పని చేశాను. డబ్బు మనది, ఇల్లు మనది, ఒక ప్లగ్గు పాయింటు మార్చమంటే ఏమవుతుందిలే అనుకుంటాము. ఆర్కిటెక్టు పంపిన నక్షాలు నా ఫోనులోనే నాలుగు రకాలు ఉన్నాయి. అసలు యజమాని మేస్త్రీలతో మాట్లాడకూడదా?

కొండారెడ్డి బురుజు

మాట్లాడండి, యోగక్షేమాలు అడగండి, మజ్జిగ పంపండి. మార్పు మాత్రం ఇంజనీరుకే చెప్పండి, రాసి ఇవ్వండి. అతను నలుగురికీ చెబుతాడు. నక్షాల విషయం: ప్రతి సవరణకు ఒక అంకె, ఒక తేదీ వేసి, కొత్తది ఇచ్చేటప్పుడు పాతది చేతిలోనుండి తీసుకొని చింపేయాలి. ఫోనులో పంపి "చూసుకోండి" అంటే చాలదు. స్నానాల గది దించే భాగాన్ని సెంట్రింగు పలకల మీదనే ఎర్ర రంగుతో గీసి, ఎన్ని అంగుళాలో రాసి పెట్టండి. ఒడిశా మేస్త్రికి తెలుగు రాకపోవచ్చు, ఎర్ర గీత మీద రాసిన అంకె అర్థమవుతుంది.

సర్వీ కట్టె గారు చెప్పిన డబ్బు మాటకు మా ఊరి పాత కథ ఒకటి గుర్తుకు వచ్చింది. మా సుంకేసుల నుండి కడప దాకా వెళ్లే కె.సి. కాలువను 1860లలో తవ్వించినది ఒక ప్రైవేటు కంపెనీ. పెట్టుబడి మీద ఐదు శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభం వచ్చినా రాకపోయినా వాటాదారుకు వడ్డీ వస్తుంది. ఖర్చు పెరిగింది, రాబడి రాలేదు, చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కోవలసి వచ్చింది. నష్టం తనది కానివాడు జాగ్రత్త పడతాడని ఆశపెట్టుకోకూడదు. మీ ఎలక్ట్రీషియను విషయంలోనూ అంతే. పాయింటు ధరలో కొంత భాగాన్ని స్లాబు రోజు తనిఖీకి ముడిపెట్టమని మీ గుత్తేదారుకు చెప్పి చూడండి.

సర్వీ కట్టె

ఒక పని ఎవరి ఖాతాలోనూ పడదు, దాని గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. స్లాబుకు నీళ్లు పట్టేది ఎవరు? కాంక్రీటు ముఠా ఆ రాత్రే మిల్లరు కట్టుకొని వెళ్లిపోతుంది. మేము పలకలు విప్పే రోజు వరకు రాము. కమ్మీ వారు తరువాతి స్తంభాల మీదకు వెళ్తారు. కాపలావాడికి చెప్పాము అంటారు, కాపలావాడు పొద్దున ఒకసారి పైపు పెట్టి వదిలేస్తాడు. మన ఎండలకు మధ్యాహ్నానికి స్లాబు తెల్లగా ఎండిపోతుంది. మా నాన్నగారు చాలా సైట్లలో జొన్నచొప్ప పరిపించి తడిపించేవారు, అది మా పని కాకపోయినా.

కొండారెడ్డి బురుజు

సరైన మాట. మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండ, వడగాలి ఉన్నప్పుడు కనీసం 10 రోజులు తడి ఆరకూడదని ఐ.ఎస్. 456 చెబుతుంది. అయినా నీళ్లు పట్టే మనిషి పేరు ఏ కార్డులోనూ ఉండదు, మా శాఖ కార్డులోనూ ఉండేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే అది మా తప్పే.

పాపాఘ్ని (మూడు వారాల తరువాత)

పెద్దలకు నమస్కారం. నిన్న రెండో భాగానికి స్లాబు వేశాము. అతుకు గురించి స్ట్రక్చరల్ ఇంజనీరుకు రాశాను. ఆయన వచ్చి చూసి, ఆ గది మీద తరువాత గోడ వేయకుండా మార్పు చేశారు. గుత్తేదారుకు ఇది నచ్చలేదు కాని ఏమీ అనలేదు.

ఈసారి శుక్రవారం సాయంత్రం ఐదింటికి నలుగురు మేస్త్రీలను, ప్లంబరును కింద స్తంభాల నీడలో కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఒడిశా మేస్త్రి మేనల్లుడికి తెలుగు వచ్చు, అతను మాట చేరవేశాడు. నేను ఏమీ ఆదేశించలేదు, "మీ పని ఎప్పటికి అవుతుంది, మీకు ఎవరు అడ్డం వస్తారు" అని మాత్రం అడిగాను. కమ్మీ మేస్త్రి మొదటిసారి నోరు విప్పి, అడుగు జాలీ శనివారం మధ్యాహ్నానికి అవుతుందని, ఆ తరువాత ఒక పూట ఆగాలంటే ఆ కూలి ఎవరిస్తారని అడిగాడు. గుత్తేదారుకు అక్కడి నుండే ఫోను చేసి ఒప్పించాను, పది నిమిషాలు పట్టింది. ఎవరు, ఏ పని, ఎప్పుడు అన్నవి నల్లబల్ల మీద రాసి మెట్ల దగ్గర తగిలించాను. నీళ్లు పట్టే మనిషి పేరు కూడా రాశాను. మా కాపలాదారు భార్య, రోజుకు నాలుగుసార్లు పట్టడానికి వేరుగా కూలీ.

అన్నీ సవ్యంగా జరగలేదు. ఎలక్ట్రీషియను శనివారం కూడా సాయంత్రానికి రాలేదు, ఇంకొక చోట ఇరుక్కున్నాడు. ఆదివారం వేయవలసిన స్లాబును సోమవారానికి వాయిదా వేశాను. కాంక్రీటు ముఠాకు శనివారం రాత్రి ఏడింటికి ఫోను చేసి రావద్దన్నాను. వారు అడ్వాన్సు కాక సగం రోజు కూలీ అడిగారు, ఇచ్చాము. గుత్తేదారు చాలా కోప్పడ్డారు. నేను కార్డు చూపించి, ఎలక్ట్రీషియను సంతకం ఖాళీగా ఉందని చెప్పాను. సోమవారం ఉదయం ఐదున్నరకు మొదలై మధ్యాహ్నం మూడున్నరకు ముగిసింది. భోజనాలు వంతులవారీగా అయ్యాయి. అతుకు పడలేదు. పన్నెండు క్యూబులు తీశాము.

వచ్చే వారం పీర్ల పండుగకు ముఠాలో సగంమంది గూగూడు వెళ్తారు. దానిని కూడా బల్ల మీద రాయవలసిందని ఆలస్యంగా తోచింది.

తాడిపత్రి బండ

సగం రోజు కూలీ ఇచ్చి వాయిదా వేయడం నేనైతే చేసేవాడిని కాను. ఆ నల్లబల్ల ఫోటో ఇక్కడ పెట్టండి, చూస్తాను.

పెన్నగట్టు

ఎలక్ట్రీషియను ఎందుకు రాలేదో కారణం రాసుకున్నారా? ఇంకొక చోట ఇరుక్కోవడం ఇది రెండోసారైతే, తరువాతి స్లాబుకు ఇంకొకరిని సిద్ధంగా ఉంచుకోవలసిన సమయం వచ్చింది.

పాపాఘ్ని

రాసుకున్నాను మేడమ్. ఇంకొకరితో మాట్లాడుతున్నాను. సర్వీ కట్టె గారికి ఒక ప్రశ్న. భోజనశాల స్పాను 5.2 మీటర్లు. 4.5 మీటర్లు దాటితే సర్వీలు 14 రోజులు ఉంచాలని నియమం. మేస్త్రి తొమ్మిదో రోజుకే పలకలు, జాకీలు అన్నీ కావాలంటున్నాడు, ధర్మవరం మాటే అతనూ చెబుతున్నాడు. ఏమి చేయాలి?

సర్వీ కట్టె

పలకలు ఇచ్చేయవచ్చు, జాకీలు ఇవ్వకూడదు. కొంచెం కొంచెం విప్పుతూ, విప్పిన చోట వెంటనే కింద జాకీ తిరిగి బిగిస్తే పలకలు ముందే విడుదలవుతాయి. మేస్త్రికి కావలసినవి ముఖ్యంగా పలకలే. అక్కడికి పంపవలసిన జాకీలు తక్కువ పడతాయి కనుక ఎన్ని కావాలో లెక్కపెట్టి చెప్పమనండి. మా గోదాములో అరవై దాకా ఖాళీగా ఉన్నాయి, శనివారం మా బండి ధర్మవరం వెళ్తోంది. అద్దె సంగతి నాన్నగారితో మాట్లాడుకోమనండి.